నష్టం జరిగిన తీరు

పని గది నుంచి
జూలై 22

మరదలికి దీవెనలు.

వదిన ఫోన్ ఎందుకు చెయ్యడం లేదని అనుకుంటూ ఉంటావు. రెండుసార్లు చేశాను కదా. రెండుసార్లూ నువ్వు "హలో వదినా" అనగానే, వెనక నుంచి వాడు "అక్కేనా? ఇటివ్వు" అంటాడేమోనని నా చెవి అటే పోయింది. నువ్వు చెప్పింది ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు. అందుకని ఉత్తరం. కాగితం మీదైతే వాడి గొంతు కోసం వెతుక్కోను కదా.

బీమా కంపెనీ వాళ్ళు క్లెయిమ్ ఫారం పంపారు. నాలుగు పేజీలు, పేజీ నిండా గళ్ళు. సరుకు పేరు దగ్గర "చేత్తో చేసిన పింగాణీ టీ కూజాలు, కప్పులు" అని రాశాను. ఎన్ని పెట్టెలు అంటే ఆరు. ప్యాకింగ్ ఎలా చేశారన్న దగ్గర చోటు చాలక వెనక వైపు కూడా రాశాను. పెట్టెలో పెట్టె, మధ్య రెండు వేళ్ళ సందు, సందు నిండా కాగితం ముక్కలు, మూత వేసే ముందు ఫొటో. అన్నీ వాడు నేర్పినవే. కిందటేడు నా మొదటి కూజా దారిలో పగిలినప్పుడు, ఒంటి పెట్టెలో పంపారు కాబట్టి చెల్లదని బీమా వాళ్ళు తోసేశారు. నేనేమో "మీ కొరియర్ వాళ్ళవి చేతులా, చేటలా" అని వాడి మీద పడ్డాను. ఆ వారమే వాడొచ్చి, ఈ బల్ల దగ్గరే కూర్చుని ప్యాకింగ్ నేర్పాడు. బీమా చెయ్యకుండా ఒక్క పెట్టె కూడా పంపనని నా చేత మాట తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంతవరకు ఒక్క కప్పు చెవి కూడా విరగలేదు. నా ప్యాకింగ్ అంటే ప్యాకింగే మరి.

"నష్టం జరిగిన తీరు" అని ఒక గడి ఉంది. అందులో ఇలా రాశాను: "జూలై ఆరు, గురువారం ఉదయం, పెద్ద వానలో కొరియర్ వ్యాను పాత వంతెన మీద నుంచి నదిలో పడింది. మర్నాడు నాలుగు కిలోమీటర్ల దిగువన వ్యాను దొరికింది. వెనక తలుపులు ఊడిపోయి ఉన్నాయి. లోపల సరుకేమీ లేదు." అంతవరకు చెయ్యి బాగానే సాగింది. డ్రైవరు సంగతి రాయడానికి గడి లేదు. ఆ డ్రైవరు నా తమ్ముడని, ఇంతవరకు దొరకలేదని ఎక్కడ రాయను? అంచున రాసి కొట్టేశాను.

ఒక్క విషయం అడగాలి. పెట్టెలు వ్యానులో ఏ వైపు సర్దాడో నీకేమైనా చెప్పాడా? దానికీ ఒక గడి పెట్టారు. పాప ఎలా ఉంది? నువ్వు తింటున్నావా?

నీ వదిన


వ్యాన్ల షెడ్డు మీది ఇల్లు
జూలై 28

వదినకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. పెట్టెలు ఎక్కడ సర్దారో నాకు తెలియదు. పని సంగతులు ఆయన ఇంట్లో చెప్పేవారు కాదు. ఆ గడి ఖాళీగా వదిలేయండి.

పాప బాగానే ఉంది. పొద్దున్నే కింద వ్యాన్లు స్టార్టు చేస్తుంటే ఆ శబ్దానికి లేచి కూర్చుంటుంది. ఆయన వ్యాను నిలబడే చోట కొత్త వ్యాను పెట్టారు. కొత్త డ్రైవరు గేటు దాటే లోపే నాలుగు హారన్లు కొడతాడు. ఆయన్ని వీళ్ళంతా "నిదానం" అని ఎందుకు పిలిచేవారో ఇప్పుడు తెలుస్తోంది.

మీతో ఒక పని పడింది. మేనేజరు పిలిపించాడు. ఆయన ఇంకా "డ్యూటీకి గైరుహాజరు" కిందే ఉన్నారట. "మనిషి దొరకలేదు కదమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు. గైరుహాజరైన డ్రైవరు ఇంటివాళ్ళకి ఈ కంపెనీ ఇల్లు మూడు నెలలే. చనిపోయారని తేలితే మేమిద్దరం ఇక్కడే ఉండొచ్చు, నాకు ప్యాకింగ్ సెక్షన్‌లో పని కూడా ఇస్తారు. దానికి తోడబుట్టినవాళ్ళ వాంగ్మూలం కావాలి. భార్య మాట చాలదట. కాగితం దీంతోపాటు పంపుతున్నాను. మీరు సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. అక్టోబరు అయిదు లోపల ఇవ్వాలి.

మరదలు


పని గది నుంచి
ఆగస్టు 9

మరదలికి,

కాగితం చూశాను. "నాకు తెలిసినంతవరకు నా తమ్ముడు మరణించాడని" అని ఉంది. నాకు తెలిసినంతవరకు వాడు దొరకలేదు. అంతే తెలుసు. దొరకనివాణ్ణి పోయాడని నా చేత్తో రాసిమ్మంటావా? నువ్వు అంత తొందరగా ఎలా నమ్మేశావో నాకు అర్థం కాదు. కటువుగా రాస్తున్నానని తెలుసు. కింద రాసేది చదివితే నా చెయ్యి ఎందుకు ఆడలేదో నీకే తెలుస్తుంది.

నిన్న మీ ఊళ్ళో ఉండే సంగీతం టీచరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కూజా భద్రంగా అందిందట. ఆలస్యమైనా ఫరవాలేదట. ముందు ఏదో పాత ఆర్డరు అనుకున్నాను. పుస్తకం తీసి చూశాను. ఆవిడ నా దగ్గర కొన్నది ఒక్కటే కూజా, నీలం గీతలది. ఆ ఆరు పెట్టెల్లో ఒకటి. నదిలో పోయిందని నేను సంతకం పెట్టిచ్చిన పెట్టె.

వెంటనే ఆవిడకి ఫోన్ చేశాను.

"ఎవరు తెచ్చారండీ?"

"కొరియరతనేనమ్మా. గురువారం పొద్దున."

"మనిషి ఎలా ఉన్నాడు?"

"హెల్మెట్ తియ్యలేదు. మాట్లాడలేదు కూడా. పెట్టె రెండు చేతులతో గడప మీద పెట్టాడు. నేను విప్పి చూసి, పగల్లేదని చెప్పేదాకా అక్కడే నుంచున్నాడు. ఈ రోజుల్లో అంత ఓపిక ఎవరికుంది?"

"పెట్టె తడిసి ఉందా?"

"తడవడమేమిటి? ఇప్పుడే కట్టినట్టుంది."

గురువారం వాడి సెలవు రోజు. పెట్టె విప్పి చూసేదాకా కదలకపోవడం వాడి అలవాటు. ఇంకెవరికి ఉంది ఆ అలవాటు, చెప్పు.

క్లెయిమ్ మంజూరైందని బీమా వాళ్ళ కాగితం కూడా నిన్నే వచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పోయిందని ఒకటి అంటుంది, అందిందని ఒకటి అంటుంది. చక్రం మీద మట్టి పెట్టి మర్చిపోయాను, ఎండి బిగుసుకుపోయింది.

వాడు బతికే ఉన్నాడు. ఎందుకో ఇంటికి రాలేకపోతున్నాడు. తలకి దెబ్బ తగిలిందేమో. నీ దగ్గరికి ఎవరూ రాలేదా? దాచకుండా రాయి.

వదిన


వ్యాన్ల షెడ్డు మీది ఇల్లు
ఆగస్టు 14

వదినకు,

ఎవరూ రాలేదు. దయచేసి ఆ టీచరుగారికి మళ్ళీ ఫోన్ చెయ్యకండి. పెట్టె తేలుతూ పోయి ఎవరికైనా దొరికి ఉండొచ్చు. మంచివాళ్ళెవరో ఆరబెట్టి, వేరే పెట్టెలో పెట్టి ఇచ్చి ఉండొచ్చు. హెల్మెట్ పెట్టుకుంటే అందరూ ఒకేలా ఉంటారు.

ఎలా నమ్మేశావు అని అడిగారు. వ్యానుని ఒడ్డుకి లాగినప్పుడు నేను అక్కడ ఉన్నాను. మీరు ఇంకా బస్సులో ఉన్నారు. స్టీరింగు నిండా ఒండ్రు పట్టి ఉంది. ఆయన చెప్పు ఒకటి బ్రేకు కింద ఇరుక్కుని ఉంది. ఎవరూ తియ్యకపోతే నేనే తీశాను. ఇంటికి తెచ్చి పంపు కింద పెట్టి కడిగాను. కడుగుతుంటే నమ్మకం కుదిరింది.

ఇల్లు పోతే పాపని తీసుకుని ఎక్కడికి పోను? సంతకం పెట్టండి వదినా.

మరదలు


పని గది నుంచి
ఆగస్టు 25

మరదలికి,

నేను చేసిన పని ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకో. క్లెయిమ్ ఆపమని బీమా కంపెనీకి రాశాను. సరుకు కొన్నవాళ్ళకి చేరుతోందని, చేరుస్తున్నది నా తమ్ముడేనని రాశాను. మీ మేనేజరుకి కూడా ఒక నకలు పంపాను. ఎందుకంటే నిన్న వాణ్ణి నా కళ్ళతో చూశాను.

టీచరుగారి తర్వాతి గురువారం పళ్ళ డాక్టరుకి, ఆ పై గురువారం లైబ్రరీలో పనిచేసే ఆవిడకి పెట్టెలు చేరాయి. నీ మాట వినకుండా నేనే ఫోన్లు చేసి కనుక్కున్నాను. షెడ్డుకి దగ్గరున్న ఇల్లు ముందు, దూరం ఇల్లు తర్వాత. వాడి పద్ధతే. ఆ వరసలో నాలుగోది టైలరుది. నిన్న మొదటి బస్సుకి వచ్చి టైలరు దుకాణానికి ఎదురుగా జిరాక్స్ షాపులో కూర్చున్నాను. ఊరికే కూర్చోనివ్వరు కదా, నా బీమా కాగితాలే నకళ్ళు తీయించాను. అవి అయిపోతే నకళ్ళకి నకళ్ళు తీయించాను. ఆ షాపతను నన్ను పిచ్చిదాన్ననే అనుకుని ఉంటాడు.

పదకొండు కావస్తుండగా మోపెడ్ ఆగింది. కంపెనీ జాకెట్టు, అద్దం దించిన హెల్మెట్. పెట్టెని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని మెట్లెక్కాడు. చిన్నప్పటి నుంచీ వాడు కుడి భుజం కాస్త వాల్చి నడుస్తాడు కదా. అదే నడక. టైలరు పెట్టె విప్పి, కప్పులు వెలుతురులో తిప్పి చూసి, తలూపాడు. అప్పుడు దిగి వస్తున్నాడు. షాపు గుమ్మంలో నుంచే "తమ్ముడూ" అని పిలిచాను.

ఆగాడు.

మధ్యలో రోడ్డు ఉంది, బళ్ళు పోతున్నాయి. తల తిప్పలేదు. కానీ నా పిలుపుకి ఆగాడు మరదలా. ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగాడు. తర్వాత మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి తిన్నగా మీ ఇంటికి వచ్చాను. తాళం వేసి ఉంది. పాప కింద వాచ్‌మన్ భార్య దగ్గర ఆడుకుంటోంది. "గురువారాలు ఆమె ఏదో పని మీద బయటికి పోతుందమ్మా" అందావిడ. సాయంత్రం బస్సు దాకా మెట్ల మీదే కూర్చున్నాను. నువ్వు రాలేదు.

వాడు బతికున్నాడని ఇద్దరం కలిసి సంతోషపడదామని వచ్చాను. ఎక్కడికి వెళ్ళావు?

వదిన


వ్యాన్ల షెడ్డు మీది ఇల్లు
ఆగస్టు 31

వదినకు,

మీరు పిలిచింది నన్ను.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు రోజులు పట్టింది. మిగతాది కూడా రాసేస్తాను, మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

పెట్టెలు వ్యానులో ఎక్కలేదు. ఆరూ మా మంచం కింద ఉన్నాయి. మొదటి కూజా పగిలిన తర్వాత మీ పెట్టెలు ఏనాడూ వ్యానులో వెళ్ళలేదు వదినా. గోదాములో పెట్టెల్ని ఎలా విసురుతారో ఆయనకి తెలుసు. మెషీనులో స్కాన్ కొట్టి, వ్యాను ఎక్కినట్టు చూపించి, ఇంటికి తెచ్చేసేవారు. గురువారం సెలవు పూట మోపెడ్ మీద ఇంటింటికీ తిరిగి ఇచ్చేవారు. "అక్కకి చెప్పకు. అంతా తన ప్యాకింగ్ గొప్పే అనుకుంటోంది, అనుకోనీ" అని నవ్వేవారు.

ఆ ముందు రోజు సాయంత్రం నేను గొడవపెట్టుకున్నాను. వారానికి ఒక్క సెలవు, అది కూడా మీ అక్క పెట్టెలకేనా, పాపని ఒక్కసారైనా బయటికి తీసుకెళ్ళారా, దీనికన్నా డ్యూటీకి పోవడం నయం అన్నాను. పొద్దున నేను లేచేసరికి యూనిఫాం వేసుకుని ఉన్నారు. "డ్యూటీకి పోతున్నా. పెట్టెలు సాయంత్రం వచ్చి ఇస్తాలే" అన్నారు. నేను ఏమీ మాట్లాడలేదు. బయట వాన. పెట్టెలు పట్టుకుని తిరిగి ఉంటే ఆయన ఆ వంతెన వైపే పోరు. ఆరిళ్ళూ నదికి ఇవతలే ఉన్నాయి.

నాలుగు వారాలు ఆ మంచం మీదే పడుకున్నాను. ఇల్లు ఊడుస్తుంటే చీపురు పెట్టెలకి తగిలేది. మీ ఫారం వచ్చినప్పుడే చెప్పాల్సింది. చెబితే గొడవ సంగతి కూడా చెప్పాలి. అందుకని తెలియదన్నాను. తర్వాత ఒక గురువారం ఆయన రెండో జాకెట్టు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, ఒక పెట్టె తీసుకుని బయల్దేరాను. ఆయన ఇవ్వాల్సినవి ఇచ్చేస్తే మంచం కింద ఖాళీ అవుతుంది, అప్పుడు ఏడవచ్చు అనుకున్నాను.

కానీ ఆ జాకెట్టు వేసుకుంటే నా కుడి భుజం దానంతటదే వాలుతోంది. నా నడక అది కాదు. మొదటిసారి పళ్ళ డాక్టరు గుమ్మం అద్దంలో చూసుకుని హడలిపోయాను. తర్వాతి వారం భయం పోయింది. ఆ పై వారం గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఆ గంటా రెండు గంటలూ ఆయన లేరని అనిపించదు. ఎక్కడో ఉన్నారని కాదు, ఇక్కడే, జాకెట్టు లోపలే ఉన్నట్టుంటుంది. మీరు "తమ్ముడూ" అన్నప్పుడు నా లోపల నుంచి "ఆఁ అక్కా" అని రాబోయింది. అందుకే ఆగాను. నోరు తెరిస్తే ఏ గొంతు వస్తుందోనని భయమేసి వెళ్ళిపోయాను. సందు మొదట్లో నుంచి మెట్ల మీద మిమ్మల్ని చూసి వెనక్కి తిరిగాను.

మీ ఉత్తరం చూసి మేనేజరు "బతికున్నవాణ్ణి ఎక్కడ దాచావమ్మా" అన్నాడు. ఫైలు మూసేశాడు. తప్పు మీది కాదు. ఇంకా రెండు పెట్టెలున్నాయి. ఇవాళ గురువారమే కానీ వెళ్ళలేదు. మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

మరదలు


పని గది నుంచి
సెప్టెంబరు 12

మరదలా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. మొదటి దాంట్లో నిన్ను నానా మాటలూ అన్నాను. రెండో దాంట్లో క్షమించానని రాశాను, చదువుకుంటే నాకే రోతగా ఉంది. మూడోది మొత్తం వాడి గురించే. ఇది నాలుగోది.

బీమా కంపెనీ నుంచి విచారణకి ఒకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు. బట్టీ పక్కన స్టూలు వేస్తే చెమటలు కక్కుతూ కూర్చున్నాడు, జరగమంటే జరగడు. ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టెలు వ్యానులో లేవు, నేనిచ్చిన వాంగ్మూలం తప్పు, తెలియక ఇచ్చాను, క్లెయిమ్ వదులుకుంటున్నాను, అని.

"మరి ఇళ్ళకి చేర్చిందెవరు?" అన్నాడు.

"వాడి భార్య."

"కంపెనీ చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు."

"దీనికి మా దగ్గర గడి లేదండీ" అన్నాడు. తర్వాత సంచిలోంచి కొరియర్ ఆఫీసు రికార్డు తీసి నా ముందు పెట్టాడు. జూలై అయిదు, సాయంత్రం. "ఫిర్యాదు: ఆరు పెట్టెలు రెండు రోజులుగా కదలడం లేదు." కింద ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు. నా పేరే. దాని కింద "సంబంధిత డ్రైవరు సెలవు రద్దు. ఉదయం డ్యూటీకి హాజరు కావాలి."

"ఇది మీరేనా?"

నేనే. ఆ రోజు టైలరు తన కప్పులు ఎక్కడిదాకా వచ్చాయని అడిగితే, ఆఫీసుకి ఫోన్ చేసి ఎడాపెడా దులిపేశాను. తమ్ముడు పనిచేస్తున్నాడని మొహమాటపడే మనిషిని కాదు అని కూడా అన్నాను, గొప్పగా. సెలవు రద్దు చేశారని ఈ కాగితం చూసేదాకా నాకు తెలియదు. కానీ ఆ ఫోన్ సంగతి నీకు ఇన్ని ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు. గురువారం వాడి సెలవని తెలుసు. ఆ గురువారం వ్యాను ఎందుకు నడిపాడని నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు, గమనించావా? అడిగితే జవాబు తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుందని నాలో ఎక్కడో తెలుసు.

నీ మీద కోపంతో వాడు పోలేదు. ఆఫీసు రమ్మంటే పోయాడు. రమ్మనేలా చేసింది నేను. నీకు చెబితే నన్ను తిట్టుకుంటావని చెప్పి ఉండడు. రెండు నెలలుగా నువ్వు మోస్తున్న బరువు నీది కాదు. దించు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నేను చూసుకుంటాను.

వాంగ్మూలం మీద సంతకం పెట్టాను. వాడి పేరు ముందు "లేటు" అని రాయాల్సి వచ్చింది. చిన్న ముక్కే. చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. నేను టైలరు దుకాణం దగ్గర చూసింది మా మరదల్నని మేనేజరుకి వేరే ఉత్తరం రాశాను. రెండూ దీంట్లోనే ఉన్నాయి.

ఆ జాకెట్టు ఇచ్చెయ్. కోపంతో చెప్పడం లేదు. నిన్న మట్టి పిసుకుతూ "నా పిలుపుకి ఆగాడు" అని పైకే అనేశాను. ఆగింది అనాలి కదా. దూరాన ఉన్నదాన్ని నాకే ఇలా ఉంటే, రోజూ దాన్ని చిలక్కొయ్యకి చూసేదానివి నీ సంగతేమిటి?

వదిన


వ్యాన్ల షెడ్డు మీది ఇల్లు
సెప్టెంబరు 21

వదినకు నమస్కారాలు.

కాగితాలు అందాయి. మేనేజరు ఫైలు తెరిచాడు. ఇల్లు ఉంటుంది. వచ్చే నెల నుంచి నాకు ప్యాకింగ్ సెక్షన్‌లో పని.

మీ ఫోన్ సంగతి చదివాక మీ మీద కోపం వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. రాలేదు. వస్తే రాస్తాను. మీరు మాత్రం ఆ బరువుతో ఒక్కరే ఆ గదిలో కూర్చోకండి.

జాకెట్టు, హెల్మెట్ మొన్న స్టోరులో ఇచ్చేశాను. రసీదు రాసిచ్చారు.

ఆ సాయంత్రమే పాపకి చెప్పాను. ఇన్నాళ్ళూ నాన్న పనికి వెళ్ళాడనే నడిపించాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాన్న నదిలో పడి చనిపోయాడు, ఇక రాడు, గురువారాలు ఆ జాకెట్టు వేసుకుని వెళ్ళింది నేనే అని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"నువ్వని నాకు తెలుసు. చేతికి గాజు కనపడిందిగా" అంది.

"మరి అడగలేదేం?"

"ఏం అడగాలి? నువ్వు మోపెడ్ ఎక్కుతావు. సందు చివరికి పోయాక నాన్న వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు. నేను కూడా ఊపుతా."

వదినా, నేను ఒక్క గురువారం కూడా వెనక్కి తిరగలేదు. వాచ్‌మన్ గది కిటికీలో అది నుంచుని ఉంటుందని తెలుసు. చూస్తే వెళ్ళలేనని, మెడ బిగబట్టుకుని వెళ్ళేదాన్ని.

దువ్వెన తెచ్చి జడ వేశాను.

ఇవాళ గురువారం. పొద్దుటి నుంచి నేను ఇంట్లోనే ఉన్నాను. మోపెడ్ కింద షెడ్డులో ఉంది. పదిన్నరకి పాప ఆడుకుంటున్నది వదిలేసి కిటికీ దగ్గరికి పోయి మునివేళ్ళ మీద నుంచుంది. నేను వంటగదిలో గిన్నె పట్టుకుని దాన్నే చూస్తున్నాను. కాసేపటికి సందు చివరి వైపు చూసి నవ్వింది. చెయ్యెత్తి ఊపింది.

నాలుగడుగులు వేస్తే కిటికీ. నేను వెయ్యలేదు.

మీరు వచ్చి కొన్నాళ్ళు మా దగ్గర ఉండండి. మిగిలిన రెండు పెట్టెలూ ఇద్దరం నడుచుకుంటూ పోయి ఇచ్చి వద్దాం. ఏ రోజైనా సరే, గురువారం మాత్రం వద్దు.

మరదలు